ట్యూబ్‌లైటు కింద ఆట

సినిమాల్లో గేములాడేవాళ్ళ ఇంట్లో లైటు ఉండదు. మీరు ఎప్పుడైనా గమనించారో లేదో. తలుపులు మూసి ఉంటాయి, కిటికీకి దుప్పటి వేలాడుతూ ఉంటుంది, ఆడేవాడి మొహం మీద మాత్రం నీలం వెలుగు, బావిలో పడి తేలినవాడి మొహంలా. పక్కన చిప్సు పొట్లాలు, ఎండిపోయిన ఎంగిలి కంచం. చెవులకు గిన్నెలంత హెడ్‌ఫోన్లు. రెండు బొటనవేళ్ళతో అలసందలు ఒలిచినట్టు గబగబా నొక్కుతాడు, పళ్ళు కొరుకుతాడు, ఉన్నట్టుండి లేచి కేకేస్తాడు. తల్లి తలుపు సందులోంచి చూసి కొంగు నోట్లో కుక్కుకుంటుంది. సినిమా అయ్యేలోపు వాడు ఎవరినైనా చంపాలి, లేదా వాడైనా చావాలి. రెండూ కాకపోతే హీరో వచ్చి ఒక చెంపదెబ్బ వేసి, ఫోను నేలకేసి కొట్టి, వాడిని మనిషిని చెయ్యాలి.

మా ఇంట్లో గేము ఆడతారు. ట్యూబ్‌లైటు కింద ఆడతారు. ఇక్కడ ఆడేది మా కోడలు, అవతల ఆడేది నా కొడుకు. సాయంత్రం ఒక గంటసేపు. ఆ గంటను మా ఇంట్లోంచి పీకెయ్యాలని ఒక సీరియలూ, ఒక టీవీ ప్రోగ్రామూ, మా వదినా కలిసి చూశారు. ఆ సంగతే రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి వరకు, అదీ తెలుగు బళ్ళో. అక్షరాలు కుదురుగా రావు. చూసిందీ విన్నదీ మరిచిపోయే అలవాటు మాత్రం నాకు లేదు.

మాది తిరుత్తణి నుంచి పొదటూరుపేటకు పోయే దారిలో చిన్న ఊరు. కాస్త వేరుశనగ, కాస్త చెరుకు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొడుకుకు చెన్నై అవతల కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని. అక్కడ ఒకే గదిలో మగపిల్లలంతా వరసగా చాపలేసుకుని పడుకుంటారు. పెళ్ళాన్ని తీసుకుపోయి పెట్టే చోటు కాదు. వారానికి ఒక దినం సెలవంటారు, ఓడ వచ్చి నిలబడిందంటే అదీ ఉండదు. కోడలు తిరుత్తణిలో మందుల అంగట్లో పని చేస్తుంది. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టే పొద్దుకు ఇల్లు చేరుతుంది. మొహం కడుక్కుని, నాకు కూరగాయలు తరిగిచ్చి, నడవలో కుర్చీ వేసుకుని ఫోను తీస్తుంది. వాడు షిఫ్టు దిగే వేళా, ఈ పిల్లకు పని తీరే వేళా కలిసేది ఆ ఒక్క గంటే.

కొత్తలో నాకు ఇదేమీ తెలియదు. ఆ గంటకే నా సీరియలు. నేను టీవీ ముందు, ఆ పిల్ల నడవలో, ఎవరి లోకం వాళ్ళది. ఒక సాయంత్రం కరెంటు పోయి టీవీ ఆగింది. వంటింట్లోకి పోయి పులుసు కలబెడుతున్నాను. నడవలోంచి నా కొడుకు గొంతు వినిపించింది.

"నన్ను చంపేసినారు! నువ్వు పో, నాకోసం నిలబడొద్దు, పో!"

గరిటె ఎక్కడ పడేశానో తెలియదు. గుండె చేతిలో పట్టుకుని పరుగెత్తాను. "ఏమైందే? ఎవురు? రేవులో ఏమన్నా గలాటానా?" అని అరిచాను. కోడలు నా మొహం చూసి, ముందు బిత్తరపోయి, తరువాత నవ్వాపుకోలేక ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"ఏందిమా?" అన్నాడు వాడు, చచ్చినవాడు, చల్లగా.

"చంపేసినారంటివే రా!"

"ఆటలో మా! ఇంకో నిమిషానికి మళ్ళీ లేస్తాను. పులుసు మాడతా ఉండాదేమో చూడు."

నిజంగానే మాడింది.

తరువాత కొన్నాళ్ళకు మా టీవీ పెట్టె చెడిపోయింది. టీవీ కింద కేబులువాళ్ళు పెట్టే నల్లటి పెట్టె. ఎర్ర లైటు వెలుగుతుంది, బొమ్మ మాత్రం బిగుసుకుపోతుంది. కేబులతనికి ఎన్నిసార్లు ఫోను చేసినా "ఇదో వస్తాండామక్కా" అనేవాడు. సీరియలు లేని సాయంత్రాలు పొద్దు గడవక, నేనూ నడవలో కోడలి పక్కన ఒక పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. అట్లా తెలిసింది నాకు ఆ ఆట.

ఒక దీవి. విమానంలోంచి దూకుతారు. ఖాళీ ఇళ్ళల్లో వెతుక్కుని కట్లూ మందులూ తుపాకులూ సంచిలో వేసుకుంటారు. చుట్టూ ఒక గీత దగ్గరికి జరుగుతూ వస్తుంది, దాని లోపలికి పరుగెత్తాలి. ఇతర జట్లవాళ్ళు కాలుస్తారు, వీళ్ళూ కాలుస్తారు. ఇంతవరకు సినిమావాళ్ళు చూపించినట్టే. వాళ్ళు చూపించనిది ఇంకొకటి ఉంది. దెబ్బ తగిలిన మనిషి వెంటనే చచ్చిపోడు. నేల మీద పాకుతూ ఉంటాడు. జట్టులోవాళ్ళు వచ్చి పక్కన మోకాలు వేసి కాసేపు ఓపిక పడితే మళ్ళీ లేస్తాడు. మా వాడు పడితే ఈ పిల్ల ఎంత కాల్పుల్లోనైనా పోయి లేపుతుంది. ఈ పిల్ల పడితే వాడు కొండ అవతలున్నా, "ఉండు, వస్తాండా, వస్తాండా" అంటూ వస్తాడు. ఇన్ని సీరియళ్ళు చూశాను, ఇన్ని సినిమాలు చూశాను, గేములో చంపేది చూపించారు గాని లేపేది ఒక్కరూ చూపించలేదు.

"ఊరికే ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదే?" అని ఒకసారి అడిగాను.

"ఏం మాట్లాడేది అత్తా? తిన్నావా అంటే తిన్నా అంటాడు. నువ్వు తిన్నావా అంటే నేనూ తిన్నా అంటాను. ఆడికే మాటలైపోతాయి. ఆటలో అయితే ఇద్దరం కలిసి ఒక పని చేసినట్టుంటాది" అంది.

ఆ మాట నాకు సరిగ్గా పట్టింది. మా ఆయనా నేనూ జీవితంలో కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. కలిసి కలుపు తీశాము, కలిసి కాయ ఒలిచాము, మధ్యలో పడిన మాటలే మా మాటలు. వీళ్ళకు కలిసి చెయ్యడానికి చేను లేదు. దీవి ఉంది.

ఇది ఇట్లా నడుస్తుండగా ఒక పొద్దున వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకామె నా బిందె తానే పట్టి ఇచ్చింది. చావు ఇంటివాళ్ళకు చేసే మర్యాద అది. ఎదురింటి అక్కను పక్కకు పిలిచి ఏమిటని అడిగాను.

"నువ్వు చూడలేదా? సీరియల్లో చిన్నకోడలు ఫోన్లో గేము ఆడతా ఆడతా..." అని ఆగి, "నీ కోడలు మంచిదేలే, ఏదో చెప్తాండా" అంది.

పెట్టె చెడిపోయి ఉండడంతో నేను చూడలేదు. మధ్యాహ్నం మళ్ళీ వేస్తారంటే ఆమె ఇంట్లోనే కూర్చుని చూశాను. చిన్నకోడలు చీకటి గదిలో ఉంది. నీలం వెలుగు. ఊయల్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, హాల్లో మామగారు గుండె పట్టుకుని ఒరిగిపోతున్నాడు. మూడూ ఒకేసారి. ఆమె మాత్రం "ఇంకొక్క లెవెలు అత్తయ్యా" అంటోంది. ఒక్క ఫోను నెత్తిన ఎన్ని పాపాలు పెట్టారో. ఎదురింటి అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు నవ్వు వచ్చింది. మా ఇంట్లో పాలు పొంగించేది నేను. సీరియలు చూస్తూ పొంగిస్తాను. ఆ సంగతి ఏ సీరియలూ తియ్యదు.

అప్పటినుంచి మా వదిన ఫోన్లు మొదలయ్యాయి.

మా వదిన అంటే మా ఆయన అక్క, తిరువళ్ళూరులో ఉంటుంది. నాకు పెళ్ళితో వచ్చిన చుట్టరికం కాదు. నేను మేనత్త కొడుకునే చేసుకున్నాను, అందుకని చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో తిరిగినదాన్ని. ఈమె ఒకప్పుడు సినిమా అంటే ప్రాణం పెట్టేది. ఊరి బయట టూరింగు కొట్టాయి, అదే డేరా సినిమా, ఉండేది, ఇసుకలో కూర్చుని చూసేవాళ్ళం. మన మాటలో సినిమాను ఆట అనే అంటాము కదా. మొదటి ఆట, రెండో ఆట. "ఆటకు పోతాండా" అని ఈమె జడ వేసుకుంటే, మా మేనత్త ఈమె చెప్పులు తీసుకుపోయి కుడితి తొట్టి వెనకాల దాచేది. "ఆటల పిచ్చి పట్టిన ఆడదానికి సంసారం అబ్బదు" అని వీధి వినేటట్టు తిట్టేది. ఈమె ఉత్త కాళ్ళతోనే పోయేది. ముళ్ళు తీసింది నేనే.

అట్లాంటి వదిన ఇప్పుడు ఫోన్లో అంటుంది కదా, "ఆ ఫోను పీక్కో మే. ఒక నెల పుట్నింటికి పంపు, అదే సరైపోతాది. పెండ్లయ్యి రెండేండ్లయింది, కడుపు పండిందా? ఆ గేమే కారణం."

"మొగుడు సముద్రం గట్టున, పెండ్లాం ఈడ. బిడ్డ యాడనుంచి వస్తాది వదినా, ఇమానంలోంచి దూకుతాదా?" అన్నాను.

"నీకు ఎగతాళిగా ఉండాది. సీరియలు చూడు, తెలుస్తాది."

"చూసినాను. ఆ పాలు చల్లారినాయా లేదా చెప్పు."

టక్కున పెట్టేసింది. వారం మాట్లాడలేదు. తరువాత మళ్ళీ చేసింది, ఈసారి గొంతులో తేనె. కుక్కరు విజిలేస్తోంది, సగం మాటలు ఆవిరిలో పోయాయి.

"టీవీవాళ్ళతో మాట్లాడినాను మే. మా పెద్దోడు వాళ్ళకే కారు తోలతాండాడు. పేట్టికి వస్తారంట."

"పెట్టెకా? రమ్మను వదినా, నీకు పుణ్యముంటాది!"

"నీకు ఇష్టమేనా?"

"ఇష్టమేంది, ఎప్పుడో రావాల్సింది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

"కోడలికి చెప్తావా?"

"దానికేం చెప్పేది? వాళ్ళొచ్చి వాళ్ళ పని చేసుకుని పోతారు."

"ఇంత తెలివి నీకుందని నేననుకోలేదు" అంది వదిన. నేనూ పొంగిపోయాను.

తమిళంలో పేట్టి అంటే ఇంటర్వ్యూ. మన పెట్టెకూ దానికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. నలభై ఏళ్ళుగా రెండు భాషలూ మాట్లాడుతున్నదాన్ని, కుక్కరు విజిలు కింద ఆ దీర్ఘం వినలేకపోయాను.

ఆ సాయంత్రం కారు వచ్చింది. వదిన, ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి, భుజాన కెమెరాతో ఒక అబ్బాయి దిగారు. ఒక పెట్టె మార్చడానికి ఇంతమందా అనుకున్నాను. అమ్మాయి చెన్నై మాంబళంలో పుట్టిన తెలుగు పిల్లట, మనం తెలుగులో చెబితే అర్థం చేసుకుని తమిళంలో బదులిస్తుంది. నేను నీళ్ళిచ్చి, టీవీ ఉన్న గది చూపించాను. అబ్బాయి కిటికీలు మూశాడు. బొమ్మ సరిగ్గా కనబడడానికేమో అనుకున్నాను. వాళ్ళు తెచ్చిన లైటుకు నీలం కాగితం చుట్టాడు. ఏదో పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. ఈ కాలంలో గ్యాసు బండ ఇచ్చిపోయేవాడు కూడా ఫోటో తీసుకునే పోతున్నాడు, కెమెరాకు నేనేం అనుకుంటాను? అమ్మాయి మైకు పట్టుకుంది. కంపెనీకి ఫోను చేస్తే మన మాటలు రికార్డు చేస్తామని ముందే చెబుతారు కదా, ఇదీ అదేననుకున్నాను. వదిన కాఫీ కలుపుతానని వంటింట్లోకి పోయింది.

"ఎప్పటినుంచి అమ్మా ఈ సమస్య?" అని అడిగింది అమ్మాయి, నా చెయ్యి పట్టుకుని. పెట్టె బాగుచేసేవాళ్ళలో ఇంత ప్రేమ నేనెప్పుడూ చూడలేదు.

"నెల పైనే అయింది పాపా. బాగానే ఉంటాది, ఉన్నట్టుండి బిగుసుకుపోతాది. కదలదు, మెదలదు, మాట రాదు."

"అప్పుడు మీరేం చేస్తారు?"

"ఏం చేసేది? నెత్తిన రెండు తడతాను."

"కొడతారా?"

"కొట్టకుంటే దారికి రాదు. మెల్లగా తడితే వినే రకం కాదది. పక్కన ఒకటి, నెత్తిన ఒకటి గట్టిగా వేస్తే అప్పుడు కదులుతాది."

కెమెరా అబ్బాయి కెమెరా వెనకనుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు.

"మీ అబ్బాయికి తెలుసా ఈ సంగతి?"

"వాడే చెప్పినాడు, కొట్టి చూడుమా అని."

"మీ ఇంటాయన?"

"ఆయన మొదటినుంచీ చెప్తానే ఉండాడు, దీన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామని."

అమ్మాయి గొంతు తగ్గించింది. "ఒక ఆడపిల్లను అట్లా కొట్టవచ్చా అమ్మా?"

"ఏ ఆడపిల్లను?"

"మీ కోడలిని."

మన తెలుగులో కోడలికీ పెట్టెకూ ఒకటే మాట పెట్టారు పెద్దలు, అది అని. ఆ మాటకు అంత ప్రమాదం ఉందని అప్పుడే తెలిసింది. "అయ్యో నా తల్లీ, పెట్టె గురించి కదా నేను చెప్తాండేది!" అని టీవీ కింద ఉన్నదాన్ని చూపించాను. కాఫీ గ్లాసులతో వచ్చిన వదిన నెత్తి కొట్టుకుంది. "పెట్టె కాదు మే, పేట్టి! గేము పిచ్చి గురించి ప్రోగ్రాము తీస్తాండారు. నీ కోడలికి బుద్ధి రావాలని నేనే చెప్పి పిలుచుకొస్తిని!"

నేను అప్పటికీ నవ్వుతూనే ఉన్నాను. నా నవ్వు ఆపింది ఆ అమ్మాయి మాటే. "పరవాలేదమ్మా. ఆ మాటలు చాలా బాగా వచ్చాయి. అవి ఉంచుకుంటాం. కోడలు వచ్చాక ఈ వెలుగులో కూర్చోబెట్టి, ఫోను నొక్కుతున్నట్టు తీస్తాం. మీరు వెనకాల నిలబడి కొంచెం ఏడిస్తే చాలు" అంది.

సరిగ్గా అప్పుడే కోడలు బస్సు దిగి వచ్చింది. చేతిలో మధ్యాహ్నం అన్నం డబ్బా అట్లాగే ఉంది. చీకటి చేసిన తన ఇంటిని చూసింది, నీలం దీపాన్ని చూసింది, కెమెరాను చూసింది, నన్ను చూసింది. ఎవరూ చెప్పకముందే అర్థమైపోయింది ఆ పిల్లకు. అదే సీరియలు ఆ పిల్లా చూసి ఉంటుంది కదా, అంగట్లో కూడా అనే ఉంటారు కదా.

"అత్తా, నువ్వే పిలిపించినావా?" అంది.

కోపంగా అని ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. ఊరికే, మందుల చీటీలో పేరు సరిచూసుకున్నట్టు అడిగింది. నేను బదులు వెతుక్కునేలోపే, "తీసేస్తాలే అత్తా. ఫోన్లోంచి తీసేస్తా. దానికి ఇంతమంది ఎందుకు" అంటూ అక్కడే నిలబడి రెండు వేళ్ళతో ఆ ఆటను తీసేసింది. నొక్కింది రెండుసార్లే. ఏ సినిమాలోనూ అంత నెమ్మదిగా నొక్కరు.

"చూసినావా, ఎంత సులభమో!" అంది వదిన.

నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, లేచి కిటికీలు తీశాను. నీలం కాగితం పీకి నలిపేశాను. ట్యూబ్‌లైటు వేశాను. పోయి గడప మీద కూర్చున్నాను. గడప మీద కూర్చోకూడదని పుట్టినప్పటినుంచీ చెప్పించుకున్నదాన్ని, బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను.

"నేను కొట్టినానని చెప్పింది చెరిపేదాకా ఎవురూ ఈ గడప దాటేది లేదు" అన్నాను.

అమ్మాయి ఏదో సర్దిచెప్పబోయింది. మొహాలు కనబడకుండా చేస్తామంది. మంచి కోసమే కదా, నలుగురికీ తెలిస్తే జాగ్రత్తపడతారు కదా అంది. చెడిపోయినవాళ్ళు లేరా అంది. ఉన్నారు, నేను కాదనలేదు. డబ్బులు పెట్టి ఫోన్లో పేకాట ఆడి కొంప ముంచుకున్నవాడు మా పక్క ఊళ్ళోనే ఉన్నాడు. "వానిమీద తియ్యి, నేనే వచ్చి ఏడుస్తా. జూదాన్నీ ఆటనూ ఒకే సంచిలో వేసి కట్టి, దాన్ని తెచ్చి నా కోడలి నెత్తిన పెట్టొద్దు" అన్నాను. "మీ సినిమాలో హీరో నూరు మందిని నరికితే ఈలలేస్తారు. పిల్ల వెనకాల పడి ఏడిపిస్తే ప్రేమంటారు. తాగి రోడ్డు మీద చిందులేస్తే దానికొక పాట. నా కోడలు పొద్దంతా నిలబడి పని చేసి వచ్చి, మొగునితో కలిసి ఒక గంట ఆడుకుంటే దానికి మాత్రం చీకటా? నీలం దీపమా?"

వదిన ఊరుకోలేదు. "సినిమాలో అదంతా ఉత్తుత్తిదే కదా!"

"ఇది మాత్రం నిజంగా చంపేదా? మా వాడు దినమూ చస్తాడు, దినమూ లేస్తాడు."

"సినిమా వేరే, గేము వేరే!"

"వేరే యాడుంది వదినా? అదీ ఆటే, ఇదీ ఆటే. కుడితి తొట్టి వెనకాల చెప్పులు నీవి కాదా? ఆటల పిచ్చిదానికి సంసారం అబ్బదని తిట్టించుకునింది నువ్వు కాదా? అబ్బిందా లేదా? ముగ్గురు బిడ్డల్ని పెంచి, అంగడి నిలబెట్టి, నలుగురికి వండి పెడతాండావా లేదా? అప్పుడు ఆట చూసేది తప్పన్నారు. ఇప్పుడు ఆ ఆట చూపించేవాళ్ళే వచ్చి, ఆట ఆడేది తప్పంటాండారు. నీ కాళ్ళ ముళ్ళు తీసిన చేతులివి. ఈ పిల్ల చెప్పులు దాయమంటే దాయవు."

వదిన మొహం ఎర్రబడింది. నాతో చెప్పలేక, ఆ అమ్మాయితో తమిళంలో, "మామియారే ఆట్టం పోడ్రా, పారు" అంది. అత్తే చిందులేస్తోంది చూడు అని. తమిళంలో ఆట్టం వెయ్యడమంటే పొగరుతో ఎగరడం.

"అవును, ఆట్టమే. కెమెరా పెట్టు, ఇది తీసుకో" అన్నాను.

కెమెరా అబ్బాయికి ముందు నవ్వు వచ్చింది. తరువాత ఆ అమ్మాయికీ వచ్చింది. అబ్బాయి చిన్న తెర నా వైపు తిప్పి, నా మాటలు మళ్ళీ వినిపించాడు. నెత్తిన ఒకటి, పక్కన ఒకటి. విని కోడలు డబ్బా కింద పెట్టి, గోడకు ఆనుకుని, కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నన్ను ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటారా అత్తా?" అంది. అబ్బాయి నా ముందే అది చెరిపాడు.

అప్పుడు మా ఆయన చేను నుంచి వచ్చాడు. గడప మీద నేను. లోపల అంతమంది. ఎక్కడ కాలు పెట్టాలో తెలియక వీధిలోనే నిలబడి, "పెట్టె మార్చినారా?" అన్నాడు.

వాళ్ళ ప్రోగ్రాము వేరే ఎక్కడో తీసి వేశారు. నేను ఎదురింట్లో చూశాను. చీకటి గది, నీలం వెలుగు, తల వంచుకున్న ఒక పిల్ల, వెనకాల ఏడ్చే అత్త. ఎవరినో జీతానికి పెట్టి చేయించినట్టుంది, బొటనవేళ్ళు అలసందలు ఒలుస్తున్నాయి. "మీ ఇల్లేమో అనుకున్నా" అంది ఎదురింటి అక్క. "మా ఇంట్లో లైటుంటాది అక్కా" అన్నాను.

కానీ తీసేసిన ఆట తిరిగి రాలేదు. కోడలు సాయంత్రాలు నా పక్కన కూర్చుని కూరగాయలు తరగడం, తరిగినవే మళ్ళీ తరగడం. వాడు ఫోను చేస్తే తిన్నావా, తిన్నాను. ఆడికే అయిపోయేది. ఒకనాడు వాడు నాకు చేశాడు. "ఏందిమా, అలిగిందా? నేనేమన్నా అన్నానా? ఆటకు రమ్మంటే పనుందంటాది. పడిపోతే లేపేవాళ్ళు లేక ఊరికే పాకుతాండాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, వాడి గొంతు నాకు తెలియదా?

కేబులతను చివరికి తనంతట తానే వచ్చి పెట్టె మార్చాడు. బొమ్మ అద్దంలా వస్తోంది. ఆ సాయంత్రం నా సీరియలు మొదలయ్యే వేళకు నేను టీవీ ఆపాను. కుర్చీ తీసి నడవలోంచి వీధి అరుగు మీదికి వేశాను. అరుగు మీది ట్యూబ్‌లైటు వేశాను. వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాను.

"ఆ ఆట మళ్ళీ ఎక్కించు ఫోన్లో" అన్నాను.

"ఈడనా అత్తా? అందరూ చూస్తారు."

"దానికే."

ఆ పిల్ల నన్నూ వీధినీ ఒకసారి చూసి, కూర్చుంది. నేను పీట వేసుకున్నాను. విమానం వచ్చింది, దూకారు. ఎదురింటి అక్క గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. కొళాయి దగ్గర ఇద్దరు బిందెలు దించి చూస్తున్నారు. పెద్ద వీధిలో బస్సు దిగి వచ్చేవాళ్ళు కూడా నడక తగ్గించారు. కోడలి చెవులకు ఏ గిన్నెలూ లేవు, వాడి గొంతు అరుగంతా వినిపిస్తోంది.

"మెల్లగా రా. మన వెనకాల ఎవురో ఉండారు, మనల్నే చూస్తాండారు" అన్నాడు వాడు దీవిలోంచి.

నేను ఫోను దగ్గరికి వంగి చెప్పాను.

"చూడనీ రా. తలుపు తీసే పెట్టినాను."